ధ్రువపతకములు – అంచుమీది పేరు



నాణెములను కూడబెట్టువారు లోకమున పెక్కురు. వారిలో ధ్రువప్రాంతములకు సంబంధించిన వానినే వెదకువారు కొందరు గలరు. నార్వే దేశము 1972లో వెలువరించిన పది క్రోనుల నోటుపై ధ్రువయాత్రికుడు నాన్సెన్ బొమ్మ కలదు. కెనడా 1996లో తెచ్చిన రెండు డాలర్ల నాణెముపై తెల్లని ధ్రువపు ఎలుగుబంటి కలదు. ఇట్టివి కూర్చుట కష్టము కాదు.

పతకముల సంగతి వేరు. 1857లో ఇంగ్లండు ప్రభుత్వము ఉత్తరధ్రువ ప్రాంతమునకు పోయినవారి కొరకు ఎనిమిది కోణముల వెండిపతకము నేర్పరచెను. దానిపై పొందినవాని పేరు వ్రాయలేదు. 1904లో ఏర్పడిన ధ్రువపతకమును అష్టకోణమే. తెల్లని పట్టీకి వ్రేలాడును. ఒకవైపు రాజు ముఖము, రెండవవైపు డిస్కవరీ ఓడ, ముందు మంచుబండితో మనుష్యులు. దీని అంచుమీద మాత్రము పొందినవాని పేరుండును. ఎరిగినవాడు రాజు ముఖముకన్న ముందు ఆ అంచును చూచును. పట్టాలోని పేరువలె, ఆ వెండి ఎవరిదో చెప్పునది అదియే. పేరు నరగదీసి వేరొకటి చెక్కు మోసగాండ్రును లేకపోలేదు. కావున అంచును పరీక్షించి, గ్రహీతల పట్టికతో సరిచూడవలెను. చింతపండుతో తోముట ఇంటిపాత్రలకు మేలే కాని, పతకమునకు చేటు.

ఇక పట్టికకెక్కని పేరొకటి. 1914లో దక్షిణధ్రువ ఖండమును దాటుటకై షాకిల్టన్ బయలుదేరెను. ఆయన ఓడ ఎండ్యూరెన్స్ మంచులో చిక్కి 1915లో మునిగెను. ఓడ వడ్రంగి హారీ మెక్‌నిష్, మంచుమీద పడవలను లాగుచుండగా, ఓడయే పోయిన పిమ్మట ఒడంబడిక ఎక్కడిదని ఎదురాడెను. ఆ వడ్రంగియే 22 అడుగుల పడవకు అంచులెత్తి, పైన గుడ్డ కప్పి, సందులు పూడ్చి సిద్ధము చేసెను. 1916 ఏప్రిల్ 24న అతనితో కూడ ఆరుగురు దానిలో బయలుదేరి, సుమారు 800 సముద్రపు మైళ్లు గడచి, మే 10న సౌత్ జార్జియా దీవి చేరిరి. వెనుక నిలిచిన 22 మంది ఆ ఆగస్టులో రక్షింపబడిరి.

పతకములకు సిఫారసు చేయునప్పుడు షాకిల్టన్ నలుగురిని విడిచెను. మెక్‌నిష్ వారిలో నొకడు. మంచునడుమ నాయకుని మాట చెల్లకున్న ప్రాణములు నిలువవన్నది నిజమే. అయినను ఎదురుమాటను ఖర్చున వ్రాసి, పడవను జమకట్టని లెక్క ఏ కచ్చేరిలో నిలుచును? ఓడ వైద్యుడు మాక్లిన్ సైతము ఇది ఘోరమైన అన్యాయమనియే తలచెను.

మెక్‌నిష్ 1930లో న్యూజీలండులోని వెల్లింగ్టనున పేదవాడుగా మరణించెను. అతని పిల్లిని మంచుమీద షాకిల్టన్ ఆజ్ఞచే కాల్చివేసియుండిరి. 2004లో అతని సమాధిపై ఆ పిల్లి కంచుబొమ్మను నిలిపిరి.