పక్షులకు తెలిసిన కాలము



యిర్మీయా గ్రంథము 8వ అధ్యాయము 7వ వచనము తెరచి చూడండి. కొంగకూ గువ్వకూ తాము రావలసిన కాలము తెలుసు గాని దేవుని ప్రజలకు ఆయన న్యాయవిధి తెలియకపోయెనే అని ప్రవక్త దుఃఖపడుతున్నాడు. ఇది ఊహించి చెప్పిన మాట కాదు. ఆఫ్రికా నుండి ఐరోపాకు తిరిగి వెళ్ళే కొంగలలో అనేకము నేటికీ ప్రతి వసంతములో ఇశ్రాయేలు దేశము మీదుగా వెళ్తాయి. యిర్మీయా తల ఎత్తి చూశాడు, అంతే.

ఈ దినము మిమ్మల్ని ఇంకా ఉత్తరానికి, కెనడా దేశానికి తీసుకువెళ్తాను. అక్కడ ఈరీ సరస్సులోకి ముక్కులా పొడుచుకువచ్చిన నేల ఒకటి ఉంది. దాని పేరు పాయింట్ పీలీ. 1918లో దానిని జాతీయ వనముగా ప్రకటించారు. మే నెల మొదటి రెండు వారాలలో తెల్లవారుజామునే వందలాదిమంది దుర్భిణులు మెడలో వేసుకొని అక్కడ నిలబడతారు. వార్బ్లర్ అనే చిన్న పిట్టలు దక్షిణ దేశాలలో చలికాలము గడిపి, రాత్రంతా ఎగిరి, సరస్సు దాటి ఆ కొనమీద వాలతాయి. ఒక్కొక్కటి సుమారు 10 గ్రాములు, అంటే రెండు చెంచాల చక్కెర బరువు! ఎదురుగాలి, వాన కలిసిన రోజున అవి అలసిపోయి కొమ్మలెక్కలేక నేలమీదనే పురుగులు ఏరుకుంటాయట. చూసేవారికి అది పండుగ. పిట్టకు మాత్రం ప్రాణము మీదకు వచ్చిన గడియ. ఈ తేడా మరువకండి.

ఆ సమీపములోనే కింగ్స్‌విల్ అనే ఊరిలో జాక్ మైనర్ అనే విశ్వాసి ఉండేవాడు. 1865లో పుట్టాడు, 1944లో ప్రభువునందు నిద్రించాడు. ఇటుకలు, పెంకులు చేసుకొని బ్రతికినవాడు. 1904లో తన పొలములో చెరువు కట్టి, కొన్ని పెద్దబాతులను పెంచుతూ, అడవి బాతులు దిగుతాయేమోనని కనిపెట్టాడు. 1908లో గాని అవి దిగలేదు. మరుసటి ఏటి నుండి పట్టిన బాతుల కాళ్ళకు సన్నని లోహపు పట్టీలు తొడిగి విడిచిపెట్టేవాడు. తరువాత ఆ పట్టీలమీద బైబిలు వాక్యము కూడా చెక్కించాడు. దూరాన హడ్సన్ అఖాతము దగ్గర వేటగాళ్ళు ఆ పట్టీలను తమ మధ్య ఉన్న మిషనరీకి తెచ్చి చూపించారు.

బోధకులము మేము సాధారణంగా ఇక్కడ ఆగి స్తోత్రము చెబుతాము. కాని గమనించారా? ఆ వాక్యము చదవాలంటే వేటగాడు ఆ పక్షిని ముందు చంపాలి. అంతేకాదు, బాతులను ప్రేమించిన ఈ మైనర్‌గారే డేగలనూ గుడ్లగూబలనూ దుష్ట పక్షులని ఎంచి చంపించేవారు. యోబు గ్రంథము 39వ అధ్యాయము 26వ వచనములో దేవుడు యోబును దేనిగూర్చి అడిగాడు? దక్షిణ దిక్కుకు రెక్కలు చాచే డేగను గూర్చియే. బాతు దేవునిది, డేగ దేవునిది కాదా? మనకు నచ్చినవాటినే కాపాడి దానికి భక్తి అని పేరు పెట్టుకోవడము మన సంఘాలలో కూడా ఉంది. ఇప్పుడు అదే సరస్సు ఒడ్డున ప్రతి శరదృతువులో డేగలను చంపడము లేదు, లెక్కపెడుతున్నారు.

ఇంకొక సంగతి. ఈ చిన్న పిట్టలలో చాలావాటి ప్రయాణము రాత్రివేళనే. 1960లలో స్టీఫెన్ ఎమ్లెన్ అనే శాస్త్రజ్ఞుడు ప్లానెటోరియములో బంటింగ్ పిట్టలను ఉంచి, అవి నక్షత్రాలను బట్టి దిక్కు తెలుసుకుంటాయని కనుగొన్నాడు. మరి మనము వెలిగించిన దీపాలు వాటిని దారి తప్పించి అద్దాల దగ్గరకు లాగుతున్నాయి. 2023 అక్టోబరు 5న చికాగోలో మిషిగన్ సరస్సు ఒడ్డునున్న మెకార్మిక్ ప్లేస్ భవనము దగ్గర ఒక్క దినములోనే దాదాపు వెయ్యి పక్షులు అద్దాలకు తగిలి చచ్చాయి. 2024లో ఆ అద్దాలమీద చిన్న చుక్కలున్న పొర అంటించగా మరణాలు ఎంతో తగ్గాయి. అంత చిన్న పని! టొరంటోలో 1993 నుండి స్వచ్ఛంద సేవకులు పొద్దు పొడవకమునుపే వీధులలో తిరిగి పడిపోయిన పిట్టలను ఏరుతున్నారు. బ్రతికినవాటిని కాగితపు సంచులలో పెట్టి, ఊరి వెలుపలకు తీసుకుపోయి వదిలిపెడతారు. పిచ్చుక నేల రాలడము తండ్రికి తెలియకుండా జరగదని మత్తయి సువార్త 10వ అధ్యాయములో ప్రభువు చెప్పిన మాట వారిలో ఎందరు చదివారో గాని, తెల్లవారుజామున వారు వంగి ఎత్తుకునేది ఆ రాలినవాటినే.

ప్రియమైన తల్లిదండ్రులారా, మీ కుమారులు, కుమార్తెలు టొరంటోలో, చికాగోలో, డెట్రాయిట్‌లో ఎత్తైన భవనాలలో ఉద్యోగము చేస్తున్నారు గదా. ఈ ఆదివారము ఫోనులో మాట్లాడినప్పుడు, ఏప్రిల్, మే నెలల్లోనూ, మరల సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనూ రాత్రి పదకొండు తరువాత దీపాలు ఆర్పమని, లేదా తెర దించమని చెప్పండి. ఆఫీసులో పైవారిని అడగమనండి. నవ్వితే నవ్వనివ్వండి.

ఇప్పుడు ప్రార్థనలో ఏకీభవించండి.