మోకాటి నొప్పి: ఇంటి యుపచారము, వైద్యుని యవసరము



నేను 35 ఏండ్లు బడిలో నిలువుకాళ్లమీద పాఠములు చెప్పి విశ్రాంతి గొన్నవాడను, వైద్యుడను గాను. అయినను మోకాలు నాకు నేర్పిన పాఠమును మీకు విన్నవింప నిలిచితిని.

మోకాలు నొచ్చిన తోడనే మనవారు మంచము దిగరు. ఇది పొరపాటు. వయసు పైబడిన కొలది కీలునందలి మృదులాస్థి అరుగును. అట్టి కీలునకు ఆసరా తొడకండరముల బలము. కదలని కాలికి ఆ బలము తగ్గి నొప్పి హెచ్చును. కావున ప్రతిదినము కుర్చీపై కూర్చుండి, కాలు తిన్నగా ముందుకు చాచి, అయిదు లెక్కించువఱకు నిలిపి, మెల్లగా దింపవలెను. ఇట్లు ఒక్కొక్క కాలికి పదిసారులు. సమమైన నేలపై ఓపిన మేరకు నడవవలెను. పీట మాని కుర్చీ వాడవలెను. పాత బిగువునకు వేడి కాపడమును, కొత్త దెబ్బవాపునకు గుడ్డలో చుట్టిన మంచు పావుగంటయు మేలు. చేతికఱ్ఱను నొప్పిలేని వైపు చేత బట్టవలెను. దేహభారము 1 కిలో తగ్గినచో అడుగడుగునకు మోకాటిపై సుమారు 4 కిలోల భారము తగ్గునని 2005లో అమెరికాలో వెలువడిన పరిశోధనము తెల్పినది. నొప్పిమాత్రలను వైద్యుని యడుగక దినదినము మ్రింగరాదు. కడుపునకును మూత్రపిండములకును చేటు.

అయితే ప్రతి నొప్పియు ఇంట తీరునది కాదు. సుశ్రుతసంహితలో ఒక మోకాటివాపునకు క్రోష్టుకశీర్షమని పేరు. నక్కతలవలె ఉబ్బునది యని యర్థము. మా యక్కగారి మోకాలు ఒకనాడట్లే యుబ్బి, ఎఱ్ఱనై, జ్వరము తగిలినది. వాతమే యని నాలుగు దినములు తైలము రాయించి కాపడము పెట్టించితిని. అయిదవనాడు వైద్యులు చూచి, కీలులో చీము చేరినదని దానిని తీసి మందులిచ్చిరి. ప్రాణము దక్కినది, కాలు మాత్రము మునుపటివలె వంగలేదు. సంస్కృతమున రోగము పేరెఱిగియు ఆ నాలుగు దినములు పోగొట్టినవాడను నేనే.

కావున కీలు వాచి వేడెక్కి జ్వరము వచ్చినను, పడిన పిమ్మట కాలు మోపలేకున్నను, కీలు వంగక చాగక బిగిసినను, ఆకారము మాఱినను, పిక్క వాచి నొచ్చినను ఆనాడే వైద్యశాలకు పోవలెను. ఆ పిక్కవాపుతో ఆయాసము గలిగిన క్షణమైనను జాగు చేయరాదు. రెండు మూడు వారములకును తగ్గని నొప్పిని సైతము చూపించుకొనవలెను.

మన యిండ్లలో వృద్ధస్త్రీలు తమ నొప్పి చెప్పుకొనరు. యువకులారా! మీరే యడుగుడు, మోకాలు చూడుడు. ఇదియే నా విన్నపము. సెలవు.