తలలోని శనగగింజ

రాచపుండునకు శస్త్రచికిత్స, కిరణచికిత్స, తీవ్రమగు మందులు, ఈ మూడే గతియని మనము చిరకాలము తలచితిమి. నాలుగవ మార్గము మన రక్తమునందే యున్నదని పిమ్మట తేలినది. ఒంటికి కాపలాకాయు టి కణములు అతిగా చెలరేగకుండ సహజముగా కొన్ని కళ్లెములు కలవు. అట్టి రెండు కళ్లెములను గూర్చి వేర్వేరుగా శోధించిన అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ ఆలిసన్, జపాను శాస్త్రజ్ఞుడు తసుకు హోంజో 2018లో నోబెల్ బహుమానమును పంచుకొనిరి. కళ్లెమును సడలించు మందులలో మొదటిదగు ఇపిలిముమాబ్‌కు, చర్మమున పుట్టు మెలనోమా కొరకు, 2011లో అమెరికాలో అనుమతి లభించెను.

అయితే కళ్లెము వదలిన గుఱ్ఱము మన చేనును మాత్రము త్రొక్కకుండునా? కపాలపు అడుగున, గుఱ్ఱపు జీనును బోలిన ఎముక పల్లమునందు, శనగగింజయంత పీయూషగ్రంథి కలదు. బరువు సుమారు అర గ్రాము. థైరాయిడు గ్రంథియు, మూత్రపిండములపై నుండు ఎడ్రినల్ గ్రంథులును దీని ఆజ్ఞకు లోబడి నడచును. ఇపిలిముమాబ్ పట్టుకొను గుర్తు ఈ గ్రంథికణములపై సైతము ఉన్నట్లు పరిశోధకులు కనుగొనిరి. కొందరిలో ఈ గ్రంథి వాచును. సాధారణముగా చికిత్స మొదలిడిన రెండు మూడు మాసములకు ఇది పొడసూపును.

చిక్కంతయు ఇక్కడనే. తలనొప్పి, చెప్పరాని నీరసము, అన్నము హితవు గాకుండుట, లేచి నిలువగనే కన్నులు చీకట్లు గ్రమ్ముట. ఇవి చూచి ఇంటివారేమందురు? ‘పాపము, జబ్బు ముదిరినది’ అందురు. రోగియు అట్లే నమ్మి మౌనముగా మంచము పట్టును. నిజమునకు లోపల పుండు కరగుచునే యుండవచ్చును. కొరవడినది కార్టిసాల్ అను హార్మోను. ఉదయమున చేయు రక్తపరీక్ష దీనిని పట్టియిచ్చును. రక్తములో సోడియము తగ్గుటయు ఒక సూచన. ఎం.ఆర్.ఐ. చిత్రమున వాపు కనబడనంత మాత్రమున లోపము లేదనరాదు.

ఈ సంగతి మేమింతగా చెప్పుటకు కారణము కలదు. గుర్తింపక విడిచినచో ప్రాణము మీదికి వచ్చు ఈ లోపమునకు మందు హైడ్రోకార్టిసోన్ మాత్ర! థైరాయిడు మాత్రయు అవసరమైనచో, ముందు దీనిని ఆరంభించిన పిదపనే దానిని ఇయ్యవలెను, తారుమారైనచో అపాయము. పెక్కుమంది విషయమున కాన్సరు చికిత్సను మానవలసిన పనియు లేదు.

ఎడ్రినల్‌ను నడపు ఆజ్ఞ మరల వచ్చుట అరుదు. కనుక మాత్ర సాధారణముగా యావజ్జీవము. ‘కులాసాగా నున్నది గదా’ యని మాత్రలు మానివేయు అలవాటు మన ఇండ్లలో లేకపోలేదు. ఇక్కడ అది కూడదు. జ్వరము తగిలినపుడు వైద్యులు చెప్పిన ప్రకారము మోతాదును రెండు మూడింతలు చేయవలెను. వాంతులై మాత్ర నిలువకున్నచో సూదిమందు కొరకు వెంటనే ఆసుపత్రికి పోవలెను. తెలివి తప్పిన వేళ పరులు చదువుకొనుటకై, ఈ మాత్ర పేరును మోతాదును వ్రాసిన చీటి రోగి జేబులో నుండవలెను.