ఏ ఊళ్లో కాపురం పెట్టడం?
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ముగిసిన వెంటనే లేచి మాట్లాడడం కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు ఇప్పుడే విని కూర్చున్నారు. నేను చెప్పబోయేవి కూడా ఆదాయ వ్యయాలే. కాకపోతే అవి రాశులవి కావు, ఊళ్లవి.

ఈ బొంబాయి మహానగరంలో మనవాళ్లు ఏ నలుగురు కలిసినా ఈ మధ్య ఒకే మాట వినవస్తున్నది. వర్లీ, ప్రభాదేవి, కామాఠీపురా వైపు పాత చాళ్లు పోయి మేడలు లేస్తున్నవి. తాతలనాటి ఒంటిగదికి బదులు కొత్త ఇల్లు రావడం సంతోషమే. దాని వెంట నెలనెలా కట్టవలసిన నిర్వహణ ఖర్చు కూడా వస్తున్నది. ఆ ఇల్లు అద్దెకిచ్చో, అమ్ముకునో, లోపలి పట్టణం ఏదైనా చూసుకుని హాయిగా ఉండరాదా అన్నది ప్రశ్న. పింఛను పుచ్చుకునేవారే కాదు, నిన్నగాక మొన్న పెళ్లయిన పిల్లలు సైతం అడుగుతున్నారు. కార్యవర్గంవారు నన్ను ఈ విషయం మీదనే మాట్లాడమన్నారు.

నేను నూలు బేరం మీద ముప్పై సంవత్సరాలు తిరిగినవాణ్ణి. కోయంబత్తూరు మిల్లుల నూలును షోలాపూరు మగ్గాలకు చేర్చడం నా వృత్తి. బళ్లారిలో మా చెల్లెలి సంసారం. కనుక ఈ మూడు ఊళ్లను గురించే చెబుతాను. మూడూ సముద్రానికి దూరమైనవే, మూడింటికీ రైలు ఉన్నది, మూడింటిలోను తెలుగువాళ్లు తరతరాలుగా పాతుకుపోయినవాళ్లే. 2011 జనాభా లెక్కల నాటికి నగరపాలక పరిధిలో బళ్లారి సుమారు నాలుగు లక్షలు, షోలాపూరు తొమ్మిదిన్నర, కోయంబత్తూరు పదిన్నర. హోసూరు సంగతేమిటని ఎవరో ఇందాకనే అడిగారు. మంచి చల్లని ఊరే గాని, రానురాను అది బెంగళూరుకు పొరుగుపేట అయిపోతున్నది. అద్దెలు కూడా ఆ లెక్కలోనే పెరుగుతవి.

సాధారణంగా మనం ఊళ్లను ఎట్లా పోలుస్తాము? జీతమెంత, ఇంటిధర ఎంత, స్టేషను ఎంత దూరం, పెద్ద ఆసుపత్రి ఉన్నదా అని. ఇవన్నీ పొద్దున ఇల్లు వదలి రాత్రికి చేరే మనిషి వేసే ప్రశ్నలు. రోజంతా ఆ ఇంట్లో, ఆ వీధిలో ఉండే మనిషి వేసే ప్రశ్నలు వేరు. ముందుగా నీళ్లు. తాన్సా, వైతరణ, భాత్సా జలాశయాల పుణ్యమా అని బొంబాయిలో ఇల్లు ఎంత ఇరుకైనా పొద్దున ఓ గంటసేపైనా నల్లా వస్తుంది. పుట్టినప్పటినుంచి రోజూ నల్లా చూసినవాళ్లకు, నీళ్లు రోజూ వస్తవా అని అడగాలని కూడా తోచదు.

షోలాపూరుతో మొదలు పెడతాను. అది మనవాళ్లకు పుట్టినిల్లు కాకపోయినా మేనమామ ఇల్లు. 1877లో అక్కడ తొలి బట్టలమిల్లు వెలసింది. మిల్లుల వెంట, వాటికంటే ఎక్కువగా చేతిమగ్గాల వెంట, తెలంగాణ జిల్లాలనుంచి పద్మశాలి కుటుంబాలు వచ్చి చేరినవి. ఈనాటికీ భద్రావతి పేట వైపు నడిస్తే అంగడిలోను, అరుగు మీదను తెలుగే. నారళీ పున్నమినాడు మార్కండేయ రథం కదిలితే ఊరి తూర్పు భాగమంతా వీధిలోనే ఉంటుంది. సంక్రాంతికి సిద్ధరామేశ్వరుని జాతర. దానిలో కన్నడం, మరాఠీ, తెలుగు కలిసి నడుస్తవి. ఎవరు ఎవరి ఊరికి వచ్చారో చెప్పడం కష్టం.

ఆ మిల్లులు పోయినవి. పానిపట్టు పోటీకి పేరుమోసిన షోలాపూరు చద్దరు చిక్కిపోయి, మరమగ్గాలు చాలావరకు తువ్వాళ్లకు మళ్లినవి. అయినా ఆ ఊరికి ఒక గుణమున్నది. చేతిలో పెట్టుబడి లేని కుటుంబాన్ని అది వెంటనే పస్తు పెట్టదు. మగవాడు మగ్గం మీద ఉంటే, ఆడవాళ్లు కండెలు చుట్టడం, తువ్వాళ్ల అంచులు కుట్టడం, మడత పెట్టడం. అన్నిటికంటె పెద్దది బీడీ పని. కార్ఖానాలో తునికాకు, పొగాకు, దారం ఇస్తారు. ఇంట్లో కూర్చుని చుట్టి, కట్టలు కట్టి, లెక్క అప్పజెప్పి రావాలి. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. దీన్ని నేను పొగడడం లేదు. వంచిన నడుము ఎత్తకుండా రోజంతా చుడితే వచ్చేది కొద్ది. పొగాకు ధూళి ఊపిరితిత్తులను తింటుంది. కొనేవాళ్లు ఏటేటా తగ్గుతున్నారు. కూతుళ్లకు ఈ పని వద్దని తల్లులే అంటున్నారు. కాని ఆ పని చేసిన తల్లులు ఒకటి సాధించారు, అది మీరు వినాలి. ఊరికి కొద్ది దూరంలో కుంభారి అని ఉన్నది. బీడీ కార్మిక స్త్రీలు సంఘంగా ఏర్పడి, ఏళ్ల తరబడి పోరాడి, 2006లో అక్కడ పదివేల ఇళ్లు సంపాదించుకున్నారు. ఆ వైపుననే రేనగర్ అనే మరొక కాలనీలో 2024 జనవరిలో పదిహేను వేల ఇళ్లు ఇచ్చారు. మగ్గంపనివారు, బీడీలు చుట్టేవారు, చిల్లర వ్యాపారులు, చిత్తుకాగితాలు ఏరేవారు ఆ ఇళ్ల యజమానులు. బొంబాయిలో మూడు తరాలు మిల్లులో పనిచేసిన మనవాళ్లలో సొంత తలుపుకు సొంత తాళం వేసుకున్నవారెందరు? 1982 సమ్మె తర్వాత మన ఇళ్ల సంగతి పెద్దలకు చెప్పనక్కరలేదు.

ఇక నీళ్లు. భీమా నది మీది ఉజ్జని జలాశయంనుంచి నూరు కిలోమీటర్లకు పైగా గొట్టాలలో ప్రయాణం చేసి షోలాపూరుకు నీళ్లు రావాలి. 1980లో కట్టడం పూర్తయిన ఆ ఆనకట్ట చిన్నదేమీ కాదు. కాని చెరకు తోటలు తాగగా, దారి ఖర్చులు పోగా, ఇళ్లకు ఏళ్ల తరబడి మూడు నాలుగు రోజులకొక మారు నల్లా వచ్చింది. వచ్చేది కూడా ఏ అర్ధరాత్రో కావచ్చును. ఆ రాత్రి ఇంటావిడ నిద్ర పోదు. డ్రమ్ములు, బిందెలు, స్నానాల గది తొట్టి, చివరకు ఇడ్లీ గిన్నెలు కూడా నిండాలి. నేను దిగే ఇంట్లో గోడకు తగిలించిన కాలెండరులో పండుగల పక్కన నల్లా రోజులు ఎర్రసిరాతో గుర్తు పెట్టేవారు. ఆ ఊరి మరాఠీ బంధువులు కూడా పెళ్లి ముహూర్తానికి ముందు నల్లా ముహూర్తం చూస్తారని వేళాకోళంగా అంటారు. వేళాకోళమే, కాని అందులో అబద్ధమేమీ లేదు.

కోయంబత్తూరు అనగానే అందరూ శిరువాణి నీళ్లు అంటారు. ఆ నీళ్లు నిజంగానే తియ్యనివి. పాలఘాట్ కనుమ గుండా వచ్చే గాలి వల్ల ఎండాకాలం చివర ఊరు చల్లబడుతుంది. సముద్ర మట్టానికి నాలుగు వందల మీటర్లపైన ఉన్నది. అయితే శిరువాణి ఆనకట్ట ఉన్నది కేరళ గడ్డమీద. వానలు తప్పిన ఏడు ఆ తీపి పేపరులోనే చదువుకోవాలి. శిరువాణి అందని పేటలకు పిల్లూరు వంటి వేరే పథకాల నీళ్లు వస్తవి. ఇల్లు చూపించే దలాలీ ఈ తేడా చెప్పడు. మీరే అడగాలి.

అక్కడ మనవాళ్ల కథ వేరు. నాయుళ్లు, దేవాంగులు విజయనగర కాలంనుంచీ, ఆ తర్వాతనూ ఆ నేల మీదికి వచ్చి, నల్లరేగడిలో పత్తి పండించి, నేసి, చివరకు మిల్లులే పెట్టారు. 1930 దశకం తొలి ఏళ్లలో పైకారా విద్యుత్తు అందడంతో మిల్లులు వరసగా లేచినవి. మిల్లుకు కావలసిన మరలు, పొలానికి కావలసిన పంపులు అక్కడే తయారు చేయడం నేర్చారు. 1937 నాటికే దేశీయంగా విద్యుత్ మోటారు చేసిన ఊరు అది. ఆ పనిలో చేయి ఉన్న జి. డి. నాయుడుగారు (1893–1974) తెలుగు కుటుంబీకులు. 2025లో అవినాశి రోడ్డు మీద తెరిచిన పది కిలోమీటర్ల పైవంతెనకు ఆయన పేరే పెట్టారు. చేతిపని తెలిసిన కుర్రవాడికి, లేతు మీద గాని, ఫౌండ్రీలో గాని, పంపుల కార్ఖానాలో గాని ఈ మూడు ఊళ్లలోకి అంతటి చోటు మరొకటి లేదు. ఆసుపత్రులు, కళాశాలలు చెప్పనే అక్కరలేదు. ఇళ్ల ధరలు కూడా ఆ స్థాయిలోనే ఉన్నవి. బొంబాయి గది అమ్మిన సొమ్ముతో అక్కడ ఊరి నడుమ ఇల్లు వస్తుందని ఆశపడకండి. ఊరి చివర వస్తుంది.

ఒక సంగతి మాత్రం మనసుకు కష్టంగా ఉంటుంది. అక్కడ ఎన్నో ఇళ్లలో తెలుగు మాట ఉన్నది, తెలుగు అక్షరం లేదు. అవ్వా తాతలతో అచ్చమైన పాత తెలుగు మాట్లాడతారు. పెళ్లి శుభలేఖ మాత్రం అరవంలోనే. నా నూలు బేరగాడొకరు నాతో ఒక గంట తెలుగులో బేరమాడి, చీటీ రాయవలసివస్తే అరవంలో రాసిచ్చాడు. 2006 చట్టం వచ్చిన తర్వాత బడిలో అరవం తప్పనిసరి. నేర్చుకోవలసిందే, ఉన్న ఊరి భాష రాకపోతే ఎట్లా? అయితే తెలుగు అక్షరం నేర్పే భారం పూర్తిగా ఇంటి మీదనే, అంటే మళ్లీ ఆ ఇంటావిడ మీదనే పడుతుంది.

ఈ విషయంలో బళ్లారి అదృష్టవంతురాలు. 1953 అక్టోబరు ఒకటిన ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చి, బళ్లారి మైసూరుకు పోయింది. ఆ రోజులలో రెండువైపులా ఎంత వేడి పుట్టిందో మన పెద్దలు చెప్పగా విన్నాము. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు తెలుగు నాటకానికి ఒరవడి దిద్దిన ఊరు, బళ్లారి రాఘవ (1880–1946) ఊరు, మనది కాకుండా పోయిందని బాధపడ్డారు. పోయిందేమిటి? రాఘవగారి పేరిట కళామందిరం ఉండనే ఉన్నది, గుంతకల్లు యాభై కిలోమీటర్లు, అంగడిలో ఏ భాషలో అడిగితే ఆ భాషలో జవాబు. మరీ ముఖ్యంగా, కన్నడం చదివిన పిల్లవాడికి తెలుగు అక్షరాలు కొత్తవి కావు, తలకట్టు తేడా తప్ప. మా మేనకోడలు వేసవి సెలవుల్లో నెలరోజుల్లో పత్రిక చదవడం పట్టుకున్నది. అరవం చదివే పిల్లకూ, నాగరి చదివే పిల్లకూ ఆ సదుపాయం లేదు.

కాని బళ్లారి ఎండ! రాతిగుట్టల నడుమ ఊరు, రాత్రి పదింటికి కూడా గోడ చెయ్యి కాలుస్తుంది. తుంగభద్ర కాలువ నీరు పారినన్నాళ్లు సరే, కాలువ కట్టేసిన నెలల్లో అల్లీపురం చెరువు వంటి నిలవ నీళ్లే దిక్కు. 2024 ఆగస్టులో తుంగభద్ర ఆనకట్ట పందొమ్మిదో గేటు కొట్టుకుపోయినప్పుడు మా చెల్లెలు ఫోనులో అడిగిన మొదటి ప్రశ్న పైర్లను గురించి కాదు, వచ్చే ఏప్రిల్‌లో బిందె నిండుతుందా అని. వారంలోపల తాత్కాలికంగా గండి మూశారు గనుక గండం గడిచింది. ఉద్యోగాల సంగతికి వస్తే ఇనుపరాయి ఊరిని ఒకప్పుడు ఆకాశానికెత్తింది. 2011లో సుప్రీంకోర్టు తవ్వకం ఆపించగానే లారీలు నిలిచిపోయినవి. గనిని నమ్ముకున్న ఊరు ఆ గనితోపాటే లేచి పడుతుంది. జీన్సు పాంట్లు కుట్టే చిన్న కార్ఖానాలు మాత్రం మిషను కుట్టేవారికి, దారాలు కత్తిరించి గుండీలు వేసే ఆడవారికి పని ఇస్తున్నవి. 1961నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది గనుక వైద్యానికి లోటు లేదు.

మీరు నా తీర్పు అడుగుతారని తెలుసు. పింఛను గట్టిగా ఉన్న ఇద్దరు ముసలివాళ్లయితే కోయంబత్తూరు. పెట్టుబడి లేక చేతులు మాత్రమే ఉన్న సంసారమైతే, నీళ్ల కష్టం తెలిసి కూడా, షోలాపూరు. ఎదిగే పిల్లలుండి, మనవలతో తెలుగు పత్రిక చదివించుకోవాలని ఉంటే, ఎండకు ఓర్చుకుని బళ్లారి. ఇందులో చాలామందికి నచ్చనిది షోలాపూరు మాట అని నాకు తెలుసు. బీడీ చుట్టడానికా బొంబాయి వదలడమని ఇందాక ఒక సోదరుడు నవ్వాడు. నేను చెప్పింది బీడీని గురించి కాదు. సంపాదించే మగవాడు మంచం పట్టిన నెల మిగతావాళ్లు ఏదో ఒక పని పట్టుకోగల ఊరా, కాదా అన్నది. కోయంబత్తూరులో అట్లాంటి నెలకు బంధువుల దగ్గర చేయి చాచవలసి వస్తుంది. ఆ బంధువులు మీకు ఉంటే నా మాట కొట్టివేయండి.

ఇల్లు చూడడానికి మాత్రం దసరా సెలవుల్లో వెళ్లకండి. అప్పుడు చెరువులు నిండి ఉంటవి, ఏ ఊరైనా అందంగానే కనిపిస్తుంది. మే నెలలో వెళ్లండి. మగవారు ఒక్కరే వెళ్లకండి, ఇంటావిడను తీసుకొని వెళ్లి వారం రోజులు అద్దెకు ఉండండి. పక్కింటావిడను ఆమెనే అడగనివ్వండి — నల్లా ఏ రోజు, ఎన్నింటికి వస్తుంది, ఎన్ని బిందెలు నిండుతవి, టాంకరు పిలిస్తే ఎంత పుచ్చుకుంటాడు అని. ఆ జవాబులు ఒక కాగితం మీద రాసుకుని, ఆ తర్వాత దలాలీతో మాట్లాడండి.

అధ్యక్షులవారు గంట మీద చెయ్యి వేశారు. తర్వాత పిల్లల నాటిక ఉన్నది, వేషాలు వేసుకుని చాలాసేపటినుంచి ఎదురు చూస్తున్నారు.