దీపముల అంకెలు



రేషను దుకాణపు త్రాసులోను, పెట్రోలు బంకులోను ఎఱ్ఱగా వెలుగు అంకెలను మీరందఱు చూచుచునే యున్నారు. వాని నిర్మాణమును గూర్చియు, వానిని ఎంతవఱకు నమ్మవచ్చునో ఆ సంగతిని గూర్చియు నేడు మనవి చేసెదను. మా బిట్రగుంటలో నేనట్టి పలక నొకదానిని స్వయముగా నిర్మించితిని. అది గంటలను, నిమిషములను చూపు గడియారము. బజారులో సాధారణముగా దొరకు అంకెల బిళ్లలు చిన్నవి. చూపు మందగించిన వారికి వీధి యావలినుండి కనబడవలె నన్నచో జానెడెత్తు అంకెలు కావలెను గనుక, చేతితోనే చేసికొంటిని.

8 అను అంకెను తలచుకొనుడు. అడ్డముగా మూడు గీతలు, నిలువుగా నాలుగు, వెరసి ఏడు. వీనిలో కొన్నిటిని వెలిగించి కొన్నిటిని ఆర్పినచో 0 మొదలు 9 వఱకు అన్ని అంకెలును ఏర్పడును. ఈ యూహ ప్రాతదే. అమెరికా దేశీయుడైన ఫ్రాంక్ వుడ్ దీపపు గీతలతో అంకెలు చూపు సాధనమునకు 1910లో పేటెంటు పొందెను. 1962లో నిక్ హొలొన్యాక్ ఎఱ్ఱని ఎల్.ఇ.డి. దీపమును వెలిగించిన పిమ్మట ఆ యూహకు తగిన దీపము దొరకెను.

నా పలకలో ఒక్కొక్క గీతకు నాలుగు ఎఱ్ఱ దీపములు వరుసగా నున్నవి. ఒక్కొక్కటి సుమారు 2 వోల్టులు పుచ్చుకొనును. 12 వోల్టులలో మిగిలినదానిని నిరోధకము భరించును. నాలుగంకెలకు 28 గీతలు. గీతకొక తీగ చొప్పున 28 తీగలు కావలెను. కాని మైక్రోకంట్రోలరు అను చిన్న గణనయంత్రము ఒక అంకె తరువాత ఒక అంకెను మాత్రమే వెలిగించును. అందుచేత గీతలకు ఏడు, అంకెలకు నాలుగు, మొత్తము 11 తీగలు చాలును. కొఱవిని వేగముగా త్రిప్పినప్పుడు అగ్నిచక్రము కనబడునట్లు, మన కంటికి నాలుగంకెలును ఒక్కసారి వెలుగుచున్నట్లే తోచును.

ఇక ముఖ్యమైన సంగతి. వరుసలో ఒక దీపము తెగిపోయెనా, ఆ గీత యంతయు ఆరును. అప్పుడు అంకె చెడిపోయినట్లు కనబడినచో బాధ లేదు. అది మఱియొక అంకెగా మాఱుటయే ప్రమాదము. 7 పైగీతను పోగొట్టుకొని 1 యగును. 8 నడిమిగీతను పోగొట్టుకొని 0 యగును. ఎడమవైపు క్రింది గీతను పోగొట్టుకొన్నచో 9 యగును. త్రాసు 8 కిలోలు తూచి 9 చూపినచో, సొమ్ము చెల్లించువాడు ఒక కిలో నష్టపడును. దుకాణదారుడు ఏ మోసమును చేయకున్నను ఈ నష్టము తప్పదు.

చెన్నై–విజయవాడ మార్గమున నెల్లూరు, కావలి నడుమ నున్న మా బిట్రగుంట రైల్వే వారి యూరు. ఒకప్పు డిచ్చట ఆవిరియంత్రముల షెడ్డు ఉండెడిది. రైల్వేలో ఒక నియమము కలదు. రాత్రివేళ సిగ్నలు దీపము ఆరియున్నచో, ఆ సిగ్నలు ఈయగల ఆజ్ఞలలో మిక్కిలి కఠినమైన దానినే డ్రైవరు గ్రహింపవలెను. ఆరిన దీపము ఎన్నడును “పొమ్ము” అని చెప్పరాదు. అంకెల పలకకును ఇదియే ధర్మమని నా తలంపు. అందుచేత నా యంత్రము ప్రతి గీతలోను విద్యుత్తు ప్రవహించుచున్నదో లేదో పరీక్షించును. వెలుగవలసిన గీత వెలుగనిచో పలకను పూర్తిగా ఆర్పివేయును. తప్పు చెప్పుటకంటె మౌనము మేలు.

మీరు చేయవలసినది స్వల్పము. పెక్కు త్రాసులు మీట నొక్కగానే క్షణకాలము అన్ని స్థానములందును 8 చూపును. అది అలంకారము కాదు, గీతల పరీక్ష. ఏ 8లోనైన గీత లోపించినచో ఆ త్రాసుతో తూపించుకొనకుడు. ఆ క్షణము దాటిపోయిన యెడల, బరువు తెలిసిన తూనికరాయిని పెట్టి చూపుమని అడుగుడు. అడుగుటలో అమర్యాద యేమియు లేదు. వెలుగుచున్న అంకె యెల్ల సత్యము కాదని పిల్లలకును తెలియజెప్పుడు.