పండగ సరే, పాఠం ఎక్కడ?



అమెరికా బడుల్లో ఏటా సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 దాకా హిస్పానిక్ వారసత్వ మాసం జరుపుతారు. లాటిన్ అమెరికా మూలాలున్న పిల్లల సంస్కృతిని గౌరవించడానికట. 1968లో వారోత్సవంగా మొదలై 1988లో మాసోత్సవమైంది. పిల్లలు రంగుల పావడాలు కట్టుకుని నాట్యం చేస్తారు. తల్లులు మొక్కజొన్న పిండితో తమాలేలు వండి తెస్తారు. (వంట మాత్రం ఏ సంస్కృతిలోనైనా తల్లుల పనే!) ఆ పండగకు నేను వ్యతిరేకిని కాను. కానీ అక్కడి ప్రభుత్వ బడుల్లో నాలుగో వంతుకు పైగా ఉన్న ఈ పిల్లలకు "ఈ బడి నాది" అనిపించడానికి అది చాలుతుందా?

పేరు గురించి ఒక్క మాట. స్పానిష్‌లో మగవాడు లాటినో, ఆడమనిషి లాటినా. వందమంది ఆడవాళ్ళలో ఒక్క మగవాడు చేరితే అందరూ లాటినోలే. ఇది ఒప్పుకోనివాళ్ళు 'లాటినెక్స్' అన్న మాట తెచ్చారు. వాళ్ళలోనే చాలామందికి అది నచ్చలేదు. అమ్మాయి వచ్చినా ఆవు వచ్చినా 'వచ్చింది' అనే భాష మాట్లాడే మనకు ఈ తగాదా కొత్తగా ఉండదు.

అసలు సంగతి అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ నగరంలో తేలింది. 1850ల దాకా ఆ ఊరు మెక్సికోలోనే ఉండేది. అక్కడి పాత కుటుంబాలు సరిహద్దు దాటి రాలేదు, సరిహద్దే వాళ్ళ మీదుగా జరిగిపోయింది. 1998లో అక్కడి ప్రభుత్వ బడుల్లో మెక్సికన్ అమెరికన్ అధ్యయనం మొదలైంది. సాహిత్యమూ చరిత్రా తమ వైపు నుంచి చదివారు. చదువులో వెనకబడి ఈ తరగతుల్లో చేరిన పిల్లలు పరీక్షలు పాసై బడి పూర్తిచేసే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువని అరిజోనా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో చూపారు.

2010లో రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసింది. ఒక జాతిపైన ద్వేషం పెంచే పాఠాలు, జాతి ఐకమత్యాన్ని బోధించే పాఠాలు కూడదని! 2011 ఏప్రిల్‌లో విద్యార్థులు స్కూలు బోర్డు సభ్యుల కుర్చీలకు తమను గొలుసులతో కట్టేసుకుని సమావేశాన్ని ఆపారు. అయినా 2012 జనవరిలో, నిధుల్లో పదో వంతు కోస్తామన్న బెదిరింపుకు లొంగి బోర్డు ఆ తరగతులు ఎత్తేసింది. ఏడు పుస్తకాలను అట్టపెట్టెల్లో సర్దేశారు. అందులో పీడితుల విద్య గురించి పాలో ఫ్రెయిరీ రాసిన పుస్తకం ఒకటి. వయోజన విద్యలో పనిచేసిన మనకు ఆయన తెలిసినవాడే.

గమనించండి, నాట్యాన్ని ఎవరూ నిషేధించలేదు. వంటనూ నిషేధించలేదు. ఈ నేల ఎవరిది, ఎలా చేతులు మారింది, కూలి ఎవరు చేశారు అని తరగతి గదిలో అడగడమే నేరమైంది.

2017లో ఫెడరల్ జడ్జి వాలెస్ తషీమా, ఈ నిషేధం వెనక జాతి వివక్ష ఉందనీ రాజ్యాంగ విరుద్ధమనీ తీర్పు చెప్పారు. జపనీస్ అమెరికన్ అయిన ఆయన రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పిల్లవాడిగా అదే అరిజోనాలో నిర్బంధ శిబిరంలో ఉన్నవారు. కానీ తరగతులు మూతపడ్డాక అయిదేళ్ళు గడిచాయి. అప్పుడు పదో తరగతిలో ఉన్న అమ్మాయి తీర్పు నాటికి బడి దాటిపోయింది.

బడి కోసం వీళ్ళు కోర్టుకెక్కడం అది మొదటిసారి కాదు. 1940లలో కాలిఫోర్నియాలోని వెస్ట్‌మినిస్టర్‌లో సోలెదాద్ విదౌరీ తన పిల్లలనూ సోదరుడి పిల్లలనూ బడిలో చేర్చడానికి తీసుకెళ్ళింది. తెల్లగా ఉన్న తన పిల్లలను చేర్చుకుంటామన్నారు, చామనచాయ మేనకోడలినీ మేనల్లుళ్ళనూ మెక్సికన్ల బడికి పొమ్మన్నారు. ఆమె ఎవరినీ చేర్చకుండా వెనక్కి వచ్చేసింది. కోర్టుకెక్కిన అయిదుగురూ తండ్రులే. వారిలో గోంజాలో మెండెజ్ సాక్ష్యాల కోసం తిరుగుతుంటే పొలం నడిపింది భార్య ఫెలిసితాస్. 1947లో అప్పీలు కోర్టులోనూ గెలిచారు. చాలా ఏళ్ళ తర్వాత, నర్సుగా రిటైరైన వాళ్ళ కూతురు సిల్వియా, తల్లి అడిగిందని బడి బడికీ తిరిగి ఈ కథ చెప్పడం మొదలుపెట్టింది.