చాట్‌బాట్‌ను అడగండి, నిర్ణయం డాక్టరుతోనే

(సూరత్‌లో సిబ్బంది కుటుంబాల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లో క్యాన్సర్ అన్న మాట వినపడితే ఈ రోజుల్లో చాలామంది ముందు ఫోను తీసి చాట్‌బాట్‌ను అడుగుతున్నారు. అడగొద్దని చెప్పడానికి నేను రాలేదు. ఏం అడగాలి, ఎక్కడ ఆగాలి అన్నదే నా విషయం.

సూరత్‌లో మనవాళ్ల ఇబ్బంది మీకు తెలిసిందే. లింబాయత్, ఉధనా వైపు మగ్గాల మీద బతికే తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. డాక్టరు గుజరాతీలోనో హిందీలోనో చెబుతారు. రిపోర్టు ఇంగ్లిషులో వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకు వచ్చింది తెలుగు. బయాప్సీ కాగితంలోని మాటలకు తెలుగులో అర్థం చెప్పే మనిషి దొరకనప్పుడు చాట్‌బాట్ నిజంగా అక్కరకొస్తుంది.

చిక్కంతా చికిత్స దగ్గరే. ఇక్కడే ఉంటున్న మా వదినగారికి పోయినేడాది రొమ్ము క్యాన్సర్ అని తేలింది. రిపోర్టులో ‘హెర్2: 2+’ అని ఉంది. మా అన్నయ్య కొడుకు చాట్‌బాట్‌ను అడిగితే, అది పాజిటివ్ అన్నట్టే మాట్లాడి, ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ ఏడాది పాటు తీసుకోవాలని వివరంగా రాసింది. ఖర్చు లెక్క చూసి అన్నయ్య గోల్డ్ లోనుకు సిద్ధమయ్యాడు. ముందు డాక్టరమ్మను అడుగుదాం అన్నాను. ఆవిడ ఒక్క నిమిషంలో తేల్చేశారు. 3+ అయితే పాజిటివ్, 0 గానీ 1+ గానీ అయితే నెగటివ్, 2+ అంటే ఇంకా తేలలేదని అర్థం. ఫిష్ అనే పరీక్ష చేయించాకే ఆ మందు మాట అన్నారు. పరీక్షలో నెగటివ్ వచ్చింది. ఆ ఇంజెక్షన్ అవసరమే పడలేదు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. అమెరికాలోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రి పరిశోధకులు రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తుల క్యాన్సర్ల చికిత్స గురించి చాట్‌జీపీటీని 104 రకాలుగా అడిగి, ఫలితాలను 2023లో ప్రకటించారు. 102 సార్లు అది చికిత్స సూచించింది. ప్రతిసారీ సరైన చికిత్స ఒకటైనా చెప్పింది. కానీ 35 జవాబుల్లో నిపుణుల మార్గదర్శకాలకు పొసగనివి కూడా కలిపేసింది. మన క్యాషియర్లకు తెలుసు, దొంగనోటు అసలు నోట్ల కట్టలో ఉన్నప్పుడే కన్నుగప్పుతుంది. ఆ తర్వాత ఈ సాధనాలు మెరుగయ్యాయి. అయినా రోగి గుండె, కిడ్నీల పరిస్థితి మనం చెబితే తప్ప వాటికి తెలియదు.

మన బ్యాంకులో ఎంట్రీ వేసేవాడు మేకర్, సరిచూసి పాస్ చేసేవాడు చెకర్. ఇద్దరూ ఒకరే కాకూడదు. ఈ పద్ధతి క్యాన్సర్ వైద్యంలోనూ ఉంది. ముంబైలోని టాటా మెమోరియల్‌తో, నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌తో కలిసి పనిచేసే ‘నవ్య’ అనే ఆన్‌లైన్ సేవకు రిపోర్టులు పంపితే, సాఫ్ట్‌వేర్ సిద్ధం చేసినదాన్ని నిపుణులైన డాక్టర్లు చూశాకే అభిప్రాయం వస్తుంది. రెండో అభిప్రాయం కావాలంటే ఇలాంటి దారి పట్టండి.

ఇంట్లో నాలుగు విషయాలు గుర్తుంచుకోండి.

రిపోర్టు పెట్టేముందు పేరు, ఫోన్ నంబరు, ఆసుపత్రి నంబరు తీసేయండి.

‘ఏ మందు వాడాలి’ అని కాకుండా, ‘డాక్టరును ఏమేం అడగాలి’ అని అడగండి. వచ్చిన ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి.

దాని మాట మీద ఏ మందూ మొదలుపెట్టొద్దు, ఆపొద్దు. ఆకుపసరైనా, పొడులైనా డాక్టరుకు చెప్పాకే.

కీమో నడుస్తుండగా జ్వరం 100.4 డిగ్రీలు దాటితే ఫోనును అడుగుతూ కూర్చోవద్దు. అర్ధరాత్రయినా ఆసుపత్రికి బయల్దేరండి. తెల్లకణాలు తగ్గిన ఒంట్లో ఇన్ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది.

తెలుసుకోవడానికి యంత్రం సాయం తీసుకుందాం. నిర్ణయం మాత్రం రోగి, ఇంటివాళ్లు, డాక్టరు ఎదురెదురుగా కూర్చుని తీసుకోవాలి.